ముగ్గు మనదే... మాట ఎవరిది?

2026 సంక్రాంతికి మా మండలంలోని ఒక ఊళ్లో ముగ్గుల పోటీ పెట్టారు. కౌడిపల్లి నుంచి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. నాలుగు కథలు పేపర్లో పడ్డాయి కదా, ఆ మాత్రం గౌరవం! పొద్దున్నే వంట ముగించి, అత్తమ్మ బీపీ మాత్రలు ఆమె చేతికందేలా పెట్టి, పిల్లల్ని మావారికి అప్పజెప్పి బయల్దేరాను. ముగ్గులకు మార్కులు వేయడం ఎంతసేపులే అనుకున్నాను. కానీ ఆరోజు వేసిన మార్కులు ఇప్పటికీ నా మనసులో నలుగుతూనే ఉన్నాయి. అందుకే ఈ నాలుగు మాటలు.

బడి ముందు సిమెంటు రోడ్డు మీద సుద్దముక్కతో గళ్లు గీసి, గడికో నంబరు వేశారు. ముప్పై మందికి పైనే వచ్చారు. కాలేజీ పిల్లలు, కొత్త కోడళ్లు, మనవరాలిని చంకనేసుకున్న అమ్మమ్మలు... అందరి చేతుల్లోనూ ముగ్గు గిన్నెలు, రంగుల పొట్లాలు. విషయం ముందే ఇచ్చారు. 'స్వచ్ఛ గ్రామం'. ఇంకేముంది, ఏ గడిలో చూసినా చీపురు, చెత్తబుట్ట, చెట్టు, చిరునవ్వు నవ్వుతున్న పాప.

ఒక్క గడి మాత్రం వేరేగా ఉంది. 15 నుంచి 8 వరకు సందు చుక్క పెట్టి, ఎక్కడా తెగకుండా మెలిక ముగ్గు వేసిందామె. రంగుల్లేవు. తెల్లటి ముగ్గు, చుట్టూ జాజు అంచు. కింద మాత్రం గుండ్రటి అక్షరాలతో రాసింది: 'మా వాడల బెల్టు షాపు బంద్ చేయాలె'.

మేం ముగ్గురం జడ్జీలం ఆగిపోయాం. "ఇచ్చిన విషయానికి దీనికీ సంబంధం లేదు కదండీ" అన్నారొకరు. "పండగ పూట ఈ రాజకీయాలెందుకు?" అన్నారు ఇంకొకరు. ఆమె వినింది. లేచి కొంగుతో చేతులు తుడుచుకుంటూ నావైపు చూసి, "రోజూ పొద్దుగాల మా వాకిట్ల సీసలు ఊడ్చేది మేమేనక్కా. అది బంద్ కాకుంటె స్వచ్ఛం ఎట్లయితది?" అంది.

జవాబు లేదు నా దగ్గర. అయినా మార్కుల కాగితం మీద మిగతా ఇద్దరితో పాటు నేనూ సంతకం పెట్టేశాను. ఆమెకు కన్సొలేషన్ కూడా రాలేదు. ఎనిమిది రంగుల చెత్తబుట్టకు మొదటి బహుమతి, స్టీలు బిందె. బిందెలు అందించింది కొత్తగా గెలిచిన సర్పంచమ్మ. మైకు పట్టుకుని మాట్లాడింది మాత్రం వాళ్లాయన!

ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. ముగ్గు వేసే చెయ్యి మనది. వాకిలి ఊడ్చే నడుం మనది. మరి ఆ ముగ్గులో ఏం రాయాలో ఎవరు చెబుతున్నారు? ఎందుకు చెబుతున్నారు?

169 చుక్కల లెక్క

'15 నుంచి 8 వరకు సందు చుక్క' అని ధనుర్మాసంలో పేపర్లలో, పుస్తకాల్లో ఎన్నిసార్లు చదువుకున్నామో! చూసి వేసేయడమే గానీ, ఎప్పుడైనా మొత్తం ఎన్ని చుక్కలో లెక్కపెట్టారా? ఆ రాత్రి నేను లెక్కపెట్టాను. నడుమ వరుస 15. దానికి పైన 14, 13, 12... అలా 8 దాకా ఏడు వరుసలు. కలిపితే 77. కింద కూడా అన్నే. మొత్తం 169 చుక్కలు. అదే 9 నుంచి 1 వరకు ఎదురు చుక్క అయితే, అటూ ఇటూ రెండేసి తగ్గించుకుంటూ పోతే, 41.

మా అత్తమ్మ బడి మొహం చూసింది కాదు. వంద దాటితే ఆమెకు లెక్క తడబడుతుంది. కానీ వంగి మొదలుపెట్టిందంటే ఒక్క చుక్క అటు ఇటు కాదు. రెండు వేళ్ల ఎడం కొలతగా పెట్టుకుంటుంది. చుక్కల చుట్టూ తిరిగిన గీత ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి కలుస్తుంది. మధ్యలో ఒక చుక్క తప్పితే మళ్లీ మొదటికే. రబ్బరు పెట్టి చెరిపేందుకు ఇది కాగితం కాదు కదా!

దీన్ని చదువు అనలేదెవరూ. 'ఆడపిల్లకు రావాల్సిన పని' అన్నారు. కానీ మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో పనిచేసిన గిఫ్ట్ శిరోమణి, రాణి శిరోమణి దంపతులు, కమలా కృతివాసన్‌తో కలిసి చుక్కల ముగ్గులను కంప్యూటర్ శాస్త్రంలోకి తీసుకెళ్లారు. భాషకు వ్యాకరణం ఉన్నట్టే ముగ్గుకూ వ్యాకరణం ఉంటుందనీ, చిన్న ముగ్గు నుంచి పెద్ద ముగ్గు ఎలా పుడుతుందో సూత్రాలుగా రాయవచ్చనీ 1974లోనే వ్యాసం ప్రచురించారు. మార్షియా ఆషర్ అనే అమెరికన్ గణిత ఆచార్యురాలు 2002లో తమిళ ముగ్గుల మీద ఒక పెద్ద వ్యాసమే రాశారు. మన వాకిట్లో రోజూ చీపురు కిందికి పోయేదాన్ని ప్రపంచం లెక్కల పాఠంగా చదువుకుంటోందన్నమాట.

ఇంకో సంగతి వింటే మీకూ నాలాగే ఆశ్చర్యం వేస్తుంది. ఆఫ్రికాలోని అంగోలా దేశంలో చోక్వే జాతివాళ్లు ఇసుకలో చుక్కలు పెట్టి, వేలితో వాటి చుట్టూ గీత తిప్పుతూ కథలు చెబుతారు. వాటిని 'సోనా' అంటారు. అచ్చం మన మెలిక ముగ్గులే! కాకపోతే అది సంప్రదాయంగా మగవాళ్ల విద్య. పెద్దలు కుర్రవాళ్లకు నేర్పేవారు. 2023లో యునెస్కో ఆ సోనాను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. వనువాటు దీవుల ఇసుక గీతలు అంతకుముందే, 2008లోనే, ఆ జాబితాలో ఉన్నాయి. మన ముగ్గుకు అందులో చోటు లేదు.

వాళ్లకు గౌరవం దక్కిందని నాకు ఈర్ష్య లేదు. వాళ్ల విద్య నిలబడాల్సిందే. అయితే కూర్చోబెట్టి నేర్పితే విద్య, వంగి వేస్తే ఇంటిపని అనే తేడా ఎందుకుండాలి?

వాకిలి చెప్పే వార్తలు

టీవీలూ ఫోన్లూ రాకముందు వాకిలే ఇంటి వార్తాపత్రిక. సాన్పి చల్లి ముగ్గు పడిందంటే ఇల్లు బాగున్నట్టు. పెద్ద ముగ్గు, దాని అంచున జాజు ఉన్నాయంటే పండగో, పెళ్లిచూపులో. పొద్దెక్కినా వాకిలి బోసిగా ఉందంటే ఆ ఇంట్లో ఏదో జరిగింది. చావు ఇంటికి ముగ్గు ఉండదు కదా. అందుకే ముగ్గు లేని వాకిలిని చూడగానే ఇరుగమ్మ గుండె దడదడలాడుతుంది.

అంటే ముగ్గు మొదటినుంచీ మాట్లాడుతూనే ఉంది. కానీ ఏం మాట్లాడింది? ఇల్లాలు లేచిందా లేదా, ముట్టయిందా, ఇంట్లో శుభమా అశుభమా... ఇవే. ఆమెకు తలనొప్పిగా ఉందని గానీ, రాత్రి దెబ్బలు తిన్నదని గానీ ఏ ముగ్గూ చెప్పలేదు. పైగా ఏడ్చి వాచిన కళ్లతోనే చక్కటి పద్మం వేసి తలుపు చాటుకు వెళ్లిన ఆడవాళ్లు మనకు తెలియని వాళ్లేమీ కాదు. ఇల్లు బాగుందని ఊరికి చెప్పే బాధ్యత ఆమెది. బాగులేదని చెప్పే వీలు మాత్రం లేదు.

మొగుడు పోయినామెకు ఆ బాధ్యతతో పాటు ముచ్చట కూడా తీసేశారు చాలా ఇళ్లల్లో. నిన్నటిదాకా వీధి వీధంతా వచ్చి చూసిపోయిన చెయ్యి, మర్నాటి నుంచి పండగ ముగ్గుకు పనికిరాదట! 169 చుక్కలు గుర్తున్న తల అదే కదా? అందులో ఏం మారింది?

ముగ్గు రోడ్డెక్కింది

ఇప్పుడు కాలం మారింది. ముగ్గు వాకిలి దాటి రోడ్డు మీదకొచ్చింది. ప్రభుత్వాలు, పార్టీలు, కంపెనీలు, అందరికీ ముగ్గు కావాలి. ఎందుకంటే గోడ మీది పోస్టరును చూడనివాళ్లు కూడా ముగ్గును చూసి ఒక్క నిమిషం ఆగుతారు. తొక్కకుండా పక్కనుంచి నడుస్తారు. ఆ మర్యాద ఇంకా మిగిలే ఉంది మన మనుషుల్లో.

ఆ మర్యాదను వాడుకోవడం హైదరాబాద్ మహానగర పాలక సంస్థ బాగానే నేర్చింది. ఎన్నిసార్లు ఎత్తేసినా మళ్లీ చెత్త పడే మూలల్ని కడిగించి, అక్కడ ముగ్గులు వేయించింది. ముగ్గు మీద చెత్త వేయడానికి ఎవరికైనా చెయ్యి రాదు కదా! ఎన్నికలు వచ్చాయంటే ఓటు హక్కు మీద ముగ్గుల పోటీలు. 2023 నవంబర్ 30న జరిగిన అసెంబ్లీ ఎన్నికల ముందూ అంతే, 2024 లోక్‌సభ ఎన్నికల ముందూ అంతే. ఓటరు అవగాహన కార్యక్రమాల్లో ముగ్గుల పోటీ ఉండాల్సిందే. 2020లో కరోనా వచ్చినప్పుడు దుకాణాల ముందు, కూరగాయల బజార్లలో దూరం దూరంగా నిలబడమని గుండ్రాలు గీసింది కూడా చాలాచోట్ల ముగ్గుతోనే.

ఇవన్నీ మంచి పనులే. కాదనను. కానీ ఒకటి గమనించండి. వీటన్నింటిలోనూ మాట పైనుంచి వస్తోంది, చెయ్యి మాత్రం మనది. 'ఓటు వేయండి' అని ముగ్గు వేయమన్నవాళ్లు, ఓటు వేసేముందు మీరేం అడగదలచుకున్నారో ముగ్గులో రాయండి అన్నారా? 'స్వచ్ఛ గ్రామం' అన్నవాళ్లు మీ ఊళ్లో కంపు ఎక్కడుందో చూపించండి అన్నారా? పైగా పార్టీవాళ్లు పెట్టే పోటీల్లో కుక్కరు ఎవరికొచ్చిందనేదే వార్త. ఆ వార్త పక్కన నాయకుడి ఫొటో.

మన తెలుగులో 'ముగ్గులోకి దించడం' అని ఒక మాటుంది. తీయగా మాట్లాడి, ఎదుటివాళ్లను తమ పనికి ఒప్పించుకోవడమని దాని అర్థం. ముగ్గు వేసేవాళ్లనే ముగ్గులోకి దించుతున్నారేమోనని నాకు అనుమానం!

సొంత మాట రాస్తే...

మరి ఆడవాళ్లు తమంతట తాము ముగ్గులో ఒక మాట రాస్తే ఏమవుతుంది? 2019 డిసెంబర్ 29న చెన్నైలో ఏమైందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బీసెంట్ నగర్‌లో కొందరు యువతులు పౌరసత్వ సవరణ చట్టం వద్దంటూ ఇళ్ల ముందు ముగ్గులు వేశారు. పోలీసులు వచ్చి వాళ్లను అదుపులోకి తీసుకున్నారు, ఆ తర్వాత వదిలేశారు. ఇంకేముంది, ఒక వీధి ముగ్గు కాస్తా రాష్ట్రమంతా పాకింది. డీఎంకే నాయకులు స్టాలిన్, కనిమొళి ఇళ్ల ముందు కూడా అవే మాటలతో ముగ్గులు పడ్డాయి.

ఆ చట్టం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. దాన్ని సమర్థించేవాళ్లూ ఉన్నారు, వ్యతిరేకించేవాళ్లూ ఉన్నారు. నా ప్రశ్న ముగ్గు గురించి. అదే ధనుర్మాసం, అదే పిండి, అవే చుక్కలు. పద్మం వేస్తే 'సంస్కృతి' అన్నాం. ఒక వాక్యం చేరగానే పోలీసు బండి వచ్చింది. అంటే భయపెట్టింది ముగ్గు కాదు. అందులో ఆడవాళ్ల సొంత మాట ఉండటం.

ఏడాది తిరిగేసరికి అమెరికాలో ఇంకో దృశ్యం. 2021 జనవరిలో కమలా హారిస్ ఉపాధ్యక్షురాలిగా ప్రమాణం చేసే ముందు, స్వాగతంగా అక్కడివాళ్లు వెయ్యికి పైగా ముగ్గులు వేశారు. కరోనా కాలం కాబట్టి ఎవరింట్లో వాళ్లు అట్టముక్కల మీద వేసి, అన్నింటినీ ఒకచోట చేర్చి వీడియోగా చూపించారు. హారిస్ తల్లి శ్యామలా గోపాలన్ తమిళ ఇంటి ఆడపడుచు. వలస వచ్చిన అమ్మల గుర్తుగా ముగ్గు నిలిచింది. ఇక్కడ ఏం వేయాలో పైనుంచి ఎవరూ చెప్పలేదు. ఎవరికి తోచింది వాళ్లు వేశారు.

చెన్నైలోనూ, అమెరికాలోనూ ముగ్గు ఒక్కటే. తేడా అంతా దాన్ని చూసేవాళ్ల కళ్లలో ఉంది.

నెల్లూరు ఆడవాళ్లు కలిపిన గీత

పైవాళ్లు ఇచ్చింది ఏదైనా మనకు పనికిరాదని నేను అనడం లేదు. మన రాష్ట్రాలు ఒక్కటిగా ఉన్న రోజుల్లో, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో ఏం జరిగింది? వయోజన విద్య పాఠాలు చెప్పింది ప్రభుత్వమే. వాచకం అచ్చు వేయించిందీ ప్రభుత్వమే. అందులో తాగుడు వల్ల చితికిన సంసారం కథ చదువుకున్న ఆడవాళ్లు, ఇది మన కథే కదా అనుకున్నారు. వర్ధినేని రోశమ్మ, ఆమె తోటివాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు ఊరూరా రాజుకుంది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్లింది. తర్వాత రెండేళ్లకు దాన్ని ఎత్తేశారనుకోండి, అది ఇంకో కథ.

నాకేమనిపిస్తుందంటే, ఆ వాచకంలోని అక్షరాలు ప్రభుత్వం పెట్టిన చుక్కలు. గీత మాత్రం నెల్లూరు ఆడవాళ్లు తామే కలుపుకున్నారు. చుక్కలు పెట్టినవాళ్లు ఊహించని ముగ్గు వచ్చింది. అవే 169 చుక్కలతో పది రకాల ముగ్గులు వేయొచ్చని మనకు తెలియనిది కాదు. చుక్కలు ఎవరు పెట్టినా ఫరవాలేదు. గీత ఎటు తిప్పాలో మన చేతిలో ఉండాలి. మా మండలం పోటీలో ఆ 15 చుక్కల ముగ్గామె చేసింది కూడా అదే. 'స్వచ్ఛ గ్రామం' అని చుక్కలు పెట్టారు. ఆమె గీతను బెల్టు షాపు దాకా తీసుకెళ్లింది. ఆ సంగతి నాకు ఆలస్యంగా అర్థమైంది.

వేసే ముగ్గు, పోసే ముగ్గు

తెలంగాణ పల్లెల్లో ఈ రోజుల్లో 'ముగ్గు' అనే మాట ఇంకో అర్థంలో ఎక్కువగా వినపడుతోంది. 'ఇందిరమ్మ ఇంటికి ముగ్గు పోసిండ్రా?' అని. ఇల్లు కట్టేముందు పునాదికి హద్దులు గీయడాన్నే ముగ్గు పోయడమంటాం. ఈ పథకాన్ని 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభించారు. 5 లక్షల సాయం, అదీ విడతలవారీగా. బేస్మెంటు లేచాక మొదటి లక్ష. ముఖ్యంగా, ఇల్లు ఇల్లాలి పేరు మీదే మంజూరవుతుంది.

ఇది చిన్న విషయం కాదు. ముగ్గు వేసిన వాకిలి మనదని చెప్పుకోవడమే గానీ, ఎంతమంది పేరు మీద ఆ ఇల్లుంది? ఇంటి కాగితం మామయ్య పేరు మీదో, భర్త పేరు మీదో ఉంటుంది. ముప్పై ఏళ్లు సాన్పి చల్లిన ఆమె, ఒక్క మాట తేడా వస్తే 'మా ఇంట్లోంచి పో' అనిపించుకుంటుంది. ఆమె ముగ్గు వేసిన వాకిలి అప్పటికప్పుడు పరాయిదైపోతుంది!

అందుకే ఆ పోసే ముగ్గును కళ్లారా చూసుకోమంటాను. మా వీధి చివర ఒక ఇంటికి ముగ్గు పోసిన రోజు నేనూ వెళ్లాను. మేస్త్రీ, టేపు పట్టిన కుర్రాడు, ఫొటో తీసే సారు, నలుగురు పెద్దమనుషులు... అందరూ మగవాళ్లే. పేరు ఎవరిది మీద ఉందో ఆమె వెనకాల చాయ గ్లాసులు పట్టుకుని నిలబడింది. వంటిల్లు ఎటు వస్తుందో, కిటికీ ఎటు ఉండాలో, బాత్రూం లోపలా బయటా అని ఆమెను ఒక్కరూ అడగలేదు. 'నువ్వు చెప్పు వదినా' అంటే, 'నాకేం ఎరుకనమ్మా' అని నవ్వింది. రోజూ వాకిట్లో కొలత తప్పకుండా గీతలు గీసే మనిషి, తన ఇంటి గీతల దగ్గరికొచ్చేసరికి నాకేం ఎరుక అంటోంది!

అక్కడ మా అత్తమ్మ సంగతి గుర్తొచ్చింది. బొటనవేలు, చూపుడు వేలు మధ్య పిండి పట్టి అరవై ఏళ్లుగా ముగ్గులేస్తోంది. ఆ మధ్య పింఛను పనిమీద ఒకచోట మిషన్ మీద వేలు పెట్టమన్నారు. మూడుసార్లు పెట్టింది. పడలేదు. గీతలు అరిగిపోయాయన్నారు. పని చేసీ చేసీ అరిగిన వేలే, ఆమె ఎవరో రుజువు చేయలేకపోయింది. ఇంకో నెల ఆగాల్సి వచ్చింది.

లెక్కకు రాని పని

ముగ్గుకు ఎంతసేపు పడుతుంది? ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గు వేయడం... మామూలు రోజైతే అరగంట. ఇలాంటి అరగంటలన్నీ కలిపి ప్రభుత్వమే ఒక సర్వే చేసింది. 2024 కాలవినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటిపనులు చేసే ఆడవాళ్లు వాటికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. ఆ పనులు చేసే మగవాళ్లు 88 నిమిషాలు. అంటే మనం దగ్గర దగ్గర అయిదు గంటలు, వాళ్లు గంటన్నర కూడా లేదు.

2021 జనవరి 5న ఒక రోడ్డు ప్రమాదం కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, మన తెలుగువారే అయిన జస్టిస్ ఎన్.వి. రమణ ఇల్లాలి పని గురించి ప్రత్యేకంగా రాశారు. గృహిణి పనికి ఆర్థికంగా విలువ లేదనుకోవడం తప్పనీ, నష్టపరిహారం కట్టేటప్పుడు ఆమెకూ ఆదాయం ఉన్నట్టే లెక్కవేయాలనీ ఆయన చెప్పారు. మంచి మాట. కానీ ఆ లెక్క మనిషి పోయాక వేస్తున్నారు. బతికుండగా ఎవరు వేయాలి?

కొందరు చదువుకున్న అక్కాచెల్లెళ్లు, 'ఈ ముగ్గులే మనకు సంకెళ్లు, మానేయండి' అంటారు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. ఆఫీసుకు పరుగెత్తాల్సిన కోడలు ముగ్గు వేయలేదని అత్త సాధించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. హైదరాబాద్ అపార్టుమెంట్లలో అయితే ముగ్గు గడప దగ్గర స్టిక్కరైపోయింది. కింద గేటు ముందు వేసేది మాత్రం వాచ్‌మన్ భార్య. మన పుణ్యానికి ఆమె నడుం! వేయాలనిపించినవాళ్లు వేయాలి, వద్దనుకున్నవాళ్లు మానేయాలి. ముగ్గు లేనంత మాత్రాన ఇల్లు అశుభం కాదు, ఇల్లాలు సోమరీ కాదు.

కానీ నామటుకు నేను మానను. తెల్లవారుజామున ఎవరూ లేవని ఆ అరగంటలో, నేనూ నా వాకిలీ మాత్రమే ఉంటాం. నా కథలు చాలామటుకు చుక్కలు పెడుతున్నప్పుడు పుట్టినవే. అలాంటి ముగ్గును ఎవరో ఇచ్చిన నినాదానికి అద్దెకిచ్చి, బిందెతో సరిపెట్టుకోవడమే నాకు నచ్చడం లేదు.

మనం ఏం చేయొచ్చు?

పెద్ద పెద్ద ఉద్యమాలు అక్కర్లేదు. ఈసారి మీ వీధిలో, మీ కాలనీలో ముగ్గుల పోటీ పెడితే, విషయం ఆడవాళ్లనే ఎంచుకోమనండి. లేదా ఒక బహుమతైనా సొంత విషయానికి ఉంచమనండి. నల్లా రాదా, వీధి దీపం వెలగదా, బస్సు ఆగదా... అది ముగ్గులో పడనివ్వండి. పోటీ అయిపోయాక వాటిని ఫొటోలు తీసి, ఆ కోరికలన్నీ ఒక కాగితం మీద రాసి గ్రామసభలోనో, వార్డు ఆఫీసులోనో ఇవ్వండి. ముగ్గు సాయంత్రానికి చెదిరిపోతుంది. కాగితానికి ఒక నంబరు పడుతుంది.

తెలంగాణలో పంచాయతీ సీట్లు సగం మనవే. 2025 డిసెంబర్ ఎన్నికల్లో గెలిచిన ఆడవాళ్లు మన ఊళ్లోనే, మన పక్కింట్లోనే ఉన్నారు. మైకు వాళ్ల చేతికి ఇప్పించడం కూడా మన పనే. 'మీ ఆయన వద్దమ్మా, నువ్వు మాట్లాడు' అని ముందు వరసలో కూర్చున్న నలుగురు గట్టిగా అంటే చాలు.

ఇంటికి ముగ్గు పోసే రోజు చాయ గ్లాసులు ఇంకెవరికైనా ఇచ్చి, టేపు పక్కన నిలబడండి. ఇంటికి ముందు చుక్కలు మీరే పెట్టండి. ఇంకొక చిన్న పని. మీ అమ్మకో, అత్తకో నోటికి వచ్చిన ముగ్గులన్నీ ఒక గళ్ల నోటుబుక్కులో వేయించి, పక్కన ఆమె పేరు రాయండి. కూతురితో పాటు కొడుకును కూడా కూర్చోబెట్టండి. లెక్కలు వాడికీ కావాలి కదా!

చివరికి నా సంగతి. పోటీ అయిన వారం రోజులకు ఆ ముగ్గామె మా ఇంటికొచ్చింది. నేను తలెత్తి చూడలేకపోయాను. ఆమె మాత్రం మామూలుగానే కూర్చుని, మంచినీళ్లు తాగి, "అక్కా, జనవరి 26 గ్రామసభకు కాగితం రాసియ్యవా? బెల్టు షాపుది. నాకు ముగ్గుల రాసుడు వస్తది గని, దరఖాస్తు రాసుడు రాదు" అంది. రాసిచ్చాను. అప్పటికే ఆమె చేతిలో ఇంకో కాగితం ఉంది. వాడలోని ఆడవాళ్ల సంతకాలు, వేలిముద్రలు. కొన్ని వేలిముద్రలు సరిగా పడనే లేదు, మా అత్తమ్మవి లాగే.

"నువ్వు గూడ పెట్టక్కా" అంది.

"మీ ఊరిదాన్ని కాదు కదా" అన్నాను.

"పోటీకి జడ్జిగ వచ్చినప్పుడు గా మాట అనలేదు గదా" అని నవ్వింది.

పెట్టాను. ఆ షాపు కొన్నాళ్లు మూతపడి, రెండిళ్ల అవతల మళ్లీ తెరుచుకుందట. వాళ్లు మళ్లీ కాగితం రాయమన్నారు. మళ్లీ రాస్తున్నాను. మెలిక ముగ్గు వేసేటప్పుడు గీత ఒక్కసారిలో కలవకపోతే, పిండి దులుపుకుని మళ్లీ మొదలుపెట్టడం మనకు కొత్తేం కాదు కదా!